పసుపు పట్టని చీర

“పసుపు పట్టదంటే, అసలు పట్టదా? కొంచెమైనా పట్టకుండా పోద్దేటే?”

వెంకటదుర్గ ఆ మాట అడగడం అది మూడోసారి. మడత పెడుతున్న జాకెట్టు చేతిలోనే ఉండిపోయింది. పది గంటల ఆటోకి గొలుగొండ వెళ్లాలి. రేపు పొద్దున్నే తమ్ముడి కూతురి పెళ్లి. సంచీ ఇంకా సగం కూడా సర్దలేదు.

“పట్టదమ్మా. మూడు నెలల్నించీ దానికోసమే కదా మేమిద్దరం చస్తున్నది,” అంది రోజారమణి. ఆ పిల్ల ముఖం వెలిగిపోతోంది. “టీ మరక పోయింది. పప్పుచారు మరక పోయింది. మామిడి రసం కూడా పోయింది. పసుపొక్కటే మొండికేసి కూర్చుంది. నిన్న సాయంత్రం అదీ లొంగింది. చూడు.”

అరుగు మీద తెల్లటి నూలుగుడ్డ ముక్క పరిచి, గ్లాసులో పసుపునీళ్లు కలిపి దానిమీద వంచింది. నీళ్లు గుడ్డ మీద బొట్లు బొట్లుగా గుండ్రంగా కట్టి, అటూ ఇటూ దొర్లి, అరుగు మీదికి జారిపోయాయి. అరుగు పచ్చబడింది. గుడ్డ మాత్రం అప్పుడే మగ్గం మీంచి దించినట్టుంది.

“పిన్నీ, ఇదిగాని మొన్న వారమే వచ్చుంటే, బాబాయి సొక్కా మీద అరటికాయ కూర పడ్డప్పుడు నువ్వు అంత గోల సెయ్యకపోదువు,” అంది ఈశ్వరి నవ్వుతూ.

ఈశ్వరిది కొండ మీద గూడెం. డిగ్రీకి నర్సీపట్నం దిగి రోజాకి స్నేహితురాలైంది. ఇప్పుడు ఇద్దరూ కలిసి పెట్టుకున్న కంపెనీలో సగం మనిషి. కొండల్లో తేనెపట్టు మైనం పోగుచేయించి తెచ్చేది ఆ పిల్ల. దాన్ని కరిగించి, ఇంకేవేవో కలిపి, నూలుకి మరక అంటనీయని మందుగా మార్చేది రోజా. గుడ్డని తొట్టెలో ముంచడం, నీడన ఆరేయడం, వేడి ఇస్త్రీ పెట్టి మందుని నూలులోకి దింపడం. అంతే పని.

అంతే పని కాబట్టే వెంకటదుర్గకి అది చేతనైపోయింది.

పోయిన ఆదివారం పిల్లలిద్దరూ భోజనానికి ఇంటికి వచ్చి సాయంత్రం దాకా ఉండిపోయినప్పుడు, తాను వాళ్లు మందు కలిపే షెడ్డులోకి వెళ్లింది. కవరులోంచి పెళ్లికూతురు అప్పలలక్ష్మి చీర తీసింది. మేనత్త కొని పెట్టాల్సిన తెల్ల నూలుచీర అది. దాన్ని పసుపునీళ్లలో ముంచి ఆరేస్తారు. ఆ పసుపుచీరలోనే ఆ పిల్ల పీటల మీద కూర్చోవాలి. వెంకటదుర్గ చుట్టూ చూసి, చీరని మందు తొట్టెలో ముంచేసింది. ఆరేసింది. ఇస్త్రీ కూడా చేసింది. మడత పెట్టి తమ్ముడికి పంపేసింది.

ఎందుకంటే తన పెళ్లిలో పీటల మీద ఉండగా దీపంలో నూనె ఒలికి ఒళ్లో పడింది. అది చూసి పేరంటాళ్లు నోళ్లు నొక్కుకున్నారు. ఆ తర్వాత ఇంట్లో ఎవరికి జ్వరమొచ్చినా, గేదె ఈనలేకపోయినా, మొగుడు లోవరాజు బస్సు డ్యూటీ నుంచి ఓ గంట ఆలస్యంగా వచ్చినా, ఆమెకి ఆ నూనె మరకే గుర్తొచ్చేది. అలాంటి భయం లక్ష్మికి వద్దనుకుంది.

నూనె గురించి ఆలోచించింది. చారు గురించి ఆలోచించింది. పసుపు గురించి ఆలోచించలేదు.

ఆదివారం నాడు మందుకి పసుపు లొంగలేదని పిల్లలు ఇంట్లో అనుకోవడం విన్నది కదా. మరి ఇప్పుడీ మాటేమిటి?

“నిన్న లొంగింది నిన్న కలిపిన మందుకేనా, ముందుదానికి కూడానా?” అంది వెంకటదుర్గ.

“మందు అదేనమ్మా. అందులో తేడా లేదు. మేం ఇస్త్రీ చాలినంత వేడి పెట్టడం లేదు. అదీ లోపం. బాగా వేడిపెట్టి రెండుసార్లు నొక్కితే చాలు.”

వెంకటదుర్గ ఆ చీరని నాలుగుసార్లు నొక్కింది. పెళ్లి చీర కదా, ఒక్క ముడతైనా ఉండకూడదని.

అప్పుడే ఫోను మోగింది.

*

ఫోన్లో తమ్ముడు మన్మథరావు. కోపంగా ఉంటే ఆయన గొంతు పెంచడు. ఒక్కో మాటా ఆపి ఆపి అంటాడు. రోజా స్పీకరు పెట్టింది.

“రోజా, మీ మందేదైనా లక్ష్మి సీరకి పెట్టినారా?”

“లేదు మావయ్యా. ఆ చీర మేం కళ్లతో కూడా చూళ్లేదు.”

“మరి పసుపునీల్లు ఎందుకు జారిపోతన్నాయి? గంట నుంచి పేరంటాళ్లు అయిదుగురూ ముంచి తీస్తన్నారు. పళ్లెంలో నీల్లు పళ్లెంలోనే ఉన్నాయి. సీర కొంగలాగుంది. పెద్దాళ్లంతా ఒకల మొకం ఒకలు సూసుకుంటన్నారు. పసుపు ఒద్దన్న పిల్ల అని రేపు మగపెల్లోరికి తెలిస్తే ఏటవుద్ది?”

“మావయ్యా, నిజంగా మేం...”

“నా ఇంట్లో సుబకార్యం మీద పరీచ్చలు సేత్తావా అమ్మా? జీడిపిక్కలు పోసుకునే షెడ్డు సగం కాళీ సేసి ఇచ్చినాను. అప్ప కూతురని ఇచ్చినాను. బేగి రా. ఇద్దరూ రండి. వచ్చేటప్పుడు షెడ్డు తాళం తీసుకుని రండి.”

ఫోను పెట్టేశాడు.

రోజా తల్లి వైపు చూసింది. తల్లి అలమారా వైపు చూసింది. అక్కడ చూడవలసినదేమీ లేదు.

“సర్దావా అమ్మా? పద,” అంది రోజా.

*

గొలుగొండ ఆటోలో ముందు సీట్లో ఇద్దరు, వెనకాల ఏడుగురు. వెంకటదుర్గ ఒళ్లో సంచీ. ఆ సంచీ మీద ఎవరిదో కోడిపెట్టల బుట్ట. చెరుకు తోటల మీంచి గాలి వీస్తున్నా ఆమెకి చెమటలు పడుతున్నాయి.

పెళ్లి ఆగిపోతుందనుకుంది. తమ్ముడు మాట మానేస్తాడనుకుంది. షెడ్డు పోతే, ఆ తొట్టెలూ డబ్బాలూ ఇంట్లో పెడితే ఇల్లు అంటుకుంటుందనుకుంది. అన్నిటికన్నా కింద, అన్నిటికన్నా పెద్దది ఇంకొకటుంది. రోజా మళ్లీ గదిలో తలుపేసుకుని కూర్చుంటుందేమో. ఉద్యోగం మానేసి వచ్చిన కొత్తలో ఆరు నెలలు అలాగే కూర్చుంది. అన్నం పళ్లెం గుమ్మంలో పెట్టి రావలసి వచ్చేది. షెడ్డు తాళం చేతికొచ్చిన రోజునే ఆ పిల్ల మళ్లీ నవ్వింది.

“ఈశ్వరీ,” అంది రోజా నెమ్మదిగా. “ఒక మాట అడుగుతాను, తప్పుగా అనుకోకు. పోయిన వారం శాంపిళ్లు ముంచింది నువ్వు. ఈ చీరేదైనా పొరపాటున అందులో కలిసిపోయిందా?”

ఈశ్వరి రోజా వైపు పూర్తిగా తిరిగింది.

“మీ మావయ్యింటి సీర నా సేతికెందుకొస్తాది రోజా?”

“నేను అడుగుతున్నానంతే.”

“నాను ముంచితే ముంచినాననే సెప్తాను. నీకు తెలీదా అది?”

“తెలుసు.”

“తెలిస్తే అడగవు.”

ఆ తర్వాత ఇద్దరూ చెరో పక్కకి తిరిగి కూర్చున్నారు. రెండేళ్లలో ఆ పిల్లలిద్దరూ అలా కూర్చోవడం వెంకటదుర్గ చూడలేదు. ఒకే గ్లాసులో టీ తాగే మనుషులు.

ఆమె నోరు తెరిచింది. చెప్పేద్దామనే తెరిచింది. పక్కనావిడ కోడిపెట్ట వేలు పొడిచింది. నోరు మూసుకుంది. దేవుడే ఆపాడనుకుంది. ఆపింది కోడి అని తెలిసినా అలాగే అనుకుంది.

*

పందిరి కింద ఇత్తడి పళ్లెంలో చిక్కటి పసుపునీళ్లు. పక్కన వెదురు మీద ఆరేసిన చీర, పాలలో ముంచి తీసినట్టు తెల్లగా. పేరంటాళ్ల చేతులు మాత్రం మోచేతుల దాకా పచ్చగా ఉన్నాయి.

అచ్చియమ్మ చాప మీద కాళ్లు చాపుకుని కూర్చుంది. వెంకటదుర్గకీ మన్మథరావుకీ ఆవిడే తల్లి. ఎనభై దాటినా కన్ను చురుకు.

“ఇంకో చీర తెప్పించలేమా నాన్నమ్మా? నర్సీపట్నంలో ఇలాంటివి బోలెడున్నాయి,” అంది రోజా రాగానే. మేనమామ పిల్లలతో పెరిగిన పిల్ల. అమ్మమ్మని వాళ్లలాగే నాన్నమ్మా అని పిలుస్తుంది.

“దీపం ముందు పెట్టి, అయిదుగురూ సెయ్యేసిన సీర మారుస్తారేటే? అది మార్చడం కంటే పిల్లని మార్చడం నయం,” అంది అచ్చియమ్మ.

“తాళం తెచ్చినారా?” అన్నాడు మన్మథరావు.

రోజా తాళం తీసి అరుగు మీద పెట్టింది.

“రోజా సిన్నపిల్ల, దానికి తెలీదు,” అన్నాడాయన ఈశ్వరి వైపు తిరిగి. “నువ్వేనమ్మా ఆ మైనాలూ జిగుర్లూ మోసుకొచ్చేది. ఏ పుట్టదో, ఏ సెట్టుదో. మా ఇల్లాంటి ఇల్లు నీకు పరీచ్చలకి దొరికిందా?”

ఈశ్వరి తల దించుకుంది. మాట్లాడకపోవడమే వెంకటదుర్గకి కష్టమైంది. కన్నపిల్లని అంటే గుటక మింగి ఊరుకునేదేమో. నాలుగు కొండలు దాటి వచ్చి తన చేతి అన్నం తింటున్న పిల్లని, తాను చేసిన పనికి తన తమ్ముడే అంటున్నాడు.

“దాన్ననకురా,” అంది. “నానే ముంచినాను.”

పందిట్లో పళ్లాల చప్పుడు ఆగింది.

“నువ్వా?” అన్నాడు మన్మథరావు.

“నానే. ఆదివారం. పిల్లలు లేనప్పుడు.”

“ఎందుకప్పా?”

“నూనె పడతాదని. నా పెళ్లిలో పడ్డట్టు లక్ష్మికి పడతాదేటోనని. మరక అంటకుండా ఉంటాదని.” అక్కడితో ఆగలేకపోయింది. “నా బతుకంతా ఆ మరకేరా. ఏది జరిగినా దానివల్లే అనుకున్నాను.”

అచ్చియమ్మ కాళ్లు ముడుచుకుని కూర్చుంది.

“ఆ నూనె ఒలకబోసింది నానేనే దుర్గా. వత్తి ఎగదోయబోయి సెయ్యి తగిలింది. ఎవరూ సూళ్లేదని ఊరుకున్నాను. ఏటైందిప్పుడు నీకు? ముప్పయ్యేళ్లు కాపరం సేసినావు. రాయిలాంటి మొగుడు. రత్నంలాంటి పిల్ల. గేదె ఈనకపోతే అది గేదె కర్మ.”

పేరంటాళ్లలో ఒకావిడ నవ్వు ఆపుకోలేక కొంగు నోట్లో కుక్కుకుంది. మన్మథరావు నవ్వలేదు గాని, ఈశ్వరి వైపు చూడలేకపోయాడు.

“తెలీక అన్నానమ్మా,” అన్నాడు చివరికి.

“ఫరవాలేదండీ,” అంది ఈశ్వరి. రోజా వచ్చి ఆమె పక్కన నిలబడింది. క్షమించమని అడగలేదు. భుజానికి భుజం తగిలేలా నిలబడింది.

“సరే, ముంచింది నువ్వైనా ఇంకొకలైనా సీర తెల్లగానే ఉంది కదా,” అన్నాడు మన్మథరావు. “పొద్దున తొమ్మిదింటికి ముహూర్తం. ఏటి సేస్తారు?”

“ఉడకేద్దాం మావయ్యా. పెద్ద గిన్నెలో చాకలి సోడా వేసి మరగబెడితే మైనం కరిగి వదలొచ్చు.”

ఈశ్వరి చటుక్కున రోజా మోచెయ్యి పట్టుకుంది. “ఒద్దు రోజా.”

“ఏం, ఎందుకొద్దు?” అన్నాడు మన్మథరావు.

రోజాయే చెప్పింది. “మా మందు డబ్బా చీటీ మీద ముప్పై ఉతుకులైనా మందు పోదని రాసుకున్నాం మావయ్యా. బకెట్లో సబ్బు పెట్టి ఉతికి చూశాం, పోలేదు. కానీ మన ఇళ్లలో తెల్ల నూలుబట్ట బకెట్లో ఎవరు ఉతుకుతారు? ఉడకేస్తారు. ఉడకేసి మేమెప్పుడూ చూళ్లేదు. ధైర్యం చాల్లేదు. ఇప్పుడీ చీరలోంచి మందు పోతే, మా మందు పనికిరానట్టే. రెండేళ్లూ బూడిదలో పోసినట్టే.”

“పోకపోతే?”

“పోకపోతే మందు గెలిచినట్టు. లక్ష్మి చీర పచ్చబడదు.”

మన్మథరావు అరుగు మీది తాళం వైపు చూశాడు. “నాకు ఆ లెక్కలు తెలీవు. సీర పచ్చబడితే షెడ్డు మీది. పచ్చబడకపోతే, నా షెడ్డులో ఈ మైనం పని ఉండదు. అంతే.”

*

పెరట్లో మూడు రాళ్ల పొయ్యి. అన్నం వార్చే పెద్ద గిన్నెలో నీళ్లు కుతకుతమంటున్నాయి. వెంకటదుర్గ జీడిమామిడి కర్రతో చీరని తిప్పుతోంది. రోజా పక్కన గొంతుక్కూచుని పుల్లలు ఎగదోస్తోంది. పొగ అటూ ఇటూ తిరుగుతోంది.

“కోపం వచ్చిందా?” అంది తల్లి.

“వచ్చింది. ఆటోలో ఈశ్వరిని అడిగినప్పుడే చెప్పుండాల్సింది.”

“కోడి పొడిసింది.”

“ఏంటీ?”

“ఏటీ లేదు.”

రోజా పుల్ల విరిచి పొయ్యిలో పెట్టింది. పొగకో ఏమో కళ్లు తుడుచుకుంది.

“ఇందాకట్నించీ ఒకటే అనుకుంటున్నానమ్మా. గడప దాటాలంటే పదిసార్లు తుమ్ము చూస్తావు. కొత్త బియ్యం వండాలన్నా మంచిరోజు అడుగుతావు. అలాంటి దానివి, మేనకోడలి పెళ్లి చీరకి నా మందు పెట్టావు. మా మందు మీద నమ్మకం పెట్టుకున్న మొదటి మనిషివి నువ్వే. నాక్కూడా అంత లేదు.”

వెంకటదుర్గ చేతిలో కర్ర రెండుసార్లు గిన్నె అంచుకి తగిలింది.

పెళ్లికూతురు లక్ష్మి వెనక గుమ్మంలోంచి తొంగిచూసింది. ముఖం నిండా నలుగు, చెవుల దాకా పసుపు.

“అత్తా, నా సీర ఉడికిందా, ఇంకా పలుకుందా?”

“లోపలికెల్లవే. దిష్టి తగుల్తాది.”

“తగిలితే జారిపోద్దిలే, నీ మందుంది గదా.” గొంతు తగ్గించింది. “తెల్లదైనా కట్టుకుంటాను నాను. నాకేటి? నాన్నమ్మకి మాత్రం సెప్పకండి.”

లోపల్నించి ఎవరో పిలిస్తే వెళ్లిపోయింది.

నీళ్ల మీద సన్నటి తెట్టు కడుతోంది. అది సోడా నురగో, కరిగిన మైనమో చెప్పడం కష్టం. రోజా వంగి చూసింది. వేలితో తీసి రెండు వేళ్ల మధ్య రుద్దింది. మళ్లీ చూసింది. వేళ్లు లంగాకి తుడుచుకుంది.

“ఇంకో పావుగంట,” అంది.

వెనకాల అడుగుల చప్పుడైంది. మన్మథరావు పసుపు పళ్లెం రెండు చేతులా పట్టుకుని వచ్చి, జామచెట్టు దగ్గర నిలబడ్డాడు. ఆయన పక్కన ఈశ్వరి, చీర ఎత్తడానికి ఇంకో కర్ర పట్టుకుని. తొందర పెట్టలేదెవరూ.

రోజా వాళ్లని చూడలేదు. పొయ్యి వైపే చూస్తూ అడిగింది.

“అమ్మా, నిజం చెప్పు. నువ్విప్పుడు దేవుడికి ఏమని మొక్కుకుంటున్నావు? మందు వదలాలనా, వదలకూడదనా?”

వెంకటదుర్గ కర్ర తిప్పడం ఆపింది. చీర నీళ్లలో ఉబ్బి, పైకి తేలి, మెల్లగా మళ్లీ మునిగింది.

లక్ష్మి పసుపు ముఖం కళ్లముందుకొచ్చింది. చాప మీద కూర్చున్న ముసలితల్లి గుర్తొచ్చింది. అరుగు మీద తాళం, తలుపేసిన గది, గుమ్మంలో చల్లారిపోయిన అన్నం పళ్లెం. అన్నిటికీ భయపడింది. ఒక్కోదానికీ విడివిడిగా, వరసలో నిలబెట్టి మరీ భయపడింది. జామచెట్టు దగ్గర తమ్ముడు వింటున్నాడని ఆమెకి తెలుసు.

పొయ్యిలో పుల్ల ఒకటి చిటపటలాడి ఆరిపోయింది. రోజా దాన్ని ఎగదోయలేదు. మన్మథరావు పళ్లెం మీద పట్టు మార్చుకున్నాడు. పందిట్లో సన్నాయి వాళ్లు వచ్చినట్టున్నారు, ఎవరో డోలు మీద రెండు దెబ్బలేసి ఆపేశారు.

“ఒదలకూడదనేనే,” అంది వెంకటదుర్గ.